నొసటి వ్రాత, దస్త్రపు వ్రాత

(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘపు సభలో చేసిన ప్రసంగపాఠము)



నొసటి వ్రాత తప్పదను మాట తెలుగువారి ఇండ్లలో వినని వారుండరు. బిడ్డ పుట్టిన ఆరవనాటి రాత్రి బ్రహ్మ వచ్చి వ్రాసిపోవునని పెద్దలు చెప్పుదురు. ఆ వ్రాతను చదివినవారు మాత్రము లేరు. అయితే ఎల్లరును చదువగల నొసటి వ్రాత యొకటి ఈ దేశములో ఒకప్పుడుండెను. దానిని వ్రాసినది బ్రహ్మ కాదు, తూర్పు ఇండియా కంపెనీ ప్రభుత్వము. 1797లో బంగాళమునందును, 1802లో మద్రాసు రాజధానియందును ఆ ప్రభుత్వము ఒక శాసనము చేసెను. దాని ననుసరించి యావజ్జీవ శిక్ష పొందిన ఖైదీ నుదుటిపై సూదితో పచ్చబొట్టు పొడిచెడివారు. అతని నేరమేదియో, శిక్షించిన న్యాయస్థానమేదియో, ఏ తేదీన శిక్ష పడినదో ఆ నుదుటిపైననే దేశభాషలో ఉండెడిది. హిందూస్థానీలో దీనికి 'గోద్నా' యని పేరు. 1849లో ఈ ఆచారము రద్దయినది. అనగా ఇంచుమించు అర్ధశతాబ్దము మన దేశమున నొసటి వ్రాత కచేరీ హుకుము ననుసరించి నడచినది.

ఆ వ్రాతలను, వాని వెనుకనున్న మనుష్యులను వెదకుటకు తన విద్యాజీవిత మంతయు వినియోగించిన చరిత్రకారిణి క్లేర్ ఆండర్సన్. ఆమె బ్రిటనుకు చెందిన విదుషి. ఎడింబరో విశ్వవిద్యాలయములో పరిశోధన సాగించి, పిదప లెస్టర్, వార్విక్ విశ్వవిద్యాలయములలో బోధించినది. శిక్షయనునది అందరికిని ఒకే తీరున పడునా, దోషి స్త్రీయైనపుడు ఒక తీరును, నల్లనివాడైనపుడు ఇంకొక తీరును, తెల్లనివాడైనపుడు వేరొక తీరును అగునా, అట్లయినచో ఎందువలన నగును అను ప్రశ్నయే ఆమె గ్రంథము లన్నిటికిని మూలసూత్రము. నేటి ప్రసంగమునకు ఆమె కృషియే విషయము. దూరదేశపు పండితురాలి పని మనకేల యని యెవరైన అడుగవచ్చును. ఆమె చదివిన దస్త్రములు మన దేశపు దస్త్రములే. వానిని వ్రాసినవారు మన గుమాస్తాలే. కచేరీలో కలము పట్టి బ్రతుకువారి సభలో ఈ విషయము చెప్పుకొనుటకు ఇంతకన్న వేరు కారణ మక్కరలేదు.

ఆమె తొలి గ్రంథము 2000 సంవత్సరమున వెలువడినది. దాని విషయము 1815 మొదలు 1853 వరకు మారిషస్ ద్వీపమున నుండిన భారతీయ ఖైదీల చరిత్ర. మారిషస్ అనగానే మనకు చెరకు తోటలు, కూలిపనికై ఓడ లెక్కిన వారు జ్ఞప్తికి వత్తురు. 1830 దశకము నుండి కోరంగి రేవున ఓడ లెక్కిపోయిన తెలుగువారి సంతతి నేటికిని ఆ ద్వీపమున నున్నది. కోరంగివా రనియే అచట వారికి పేరు వచ్చినది. కాని ఆ కూలీలకంటె ముందుగనే భారతదేశమునుండి సంకెళ్లతో పోయినవారున్నారు. బానిసల వ్యాపారము 1807లో నిషేధింపబడుటచే ద్వీపములో పనివారికి కొరత యేర్పడినది. గవర్నరు ఫార్క్వార్ భారతదేశపు ఖైదీలను పంపుమని కోరెను. 1815 మొదలు సుమారు 1,500 మంది పంపబడిరి. వారు రాళ్లు కొట్టిరి, రోడ్లు వేసిరి, వంతెనలు కట్టిరి. 1836లో తన నౌకాయాత్రలో ఆ ద్వీపమునకు వచ్చిన చార్లెస్ డార్విన్ వారిని చూచి, వారి ఉదాత్తమైన ఆకృతికి ఆశ్చర్యపడి తన గ్రంథమున వ్రాసెను. తరువాత వచ్చిన కోరంగివారు నడచిన బాటలలో కొన్ని ఆ ఖైదీల చేతులు వేసినవే.

ఇక్కడ ఆండర్సన్ గ్రహించిన మొదటి సత్యము స్పష్టమగుచున్నది. శిక్ష నేరమును బట్టి మాత్రమే పడదు. పనివారి యక్కరను బట్టియు పడును. పినాంగులో రేవు కట్టవలసియున్నపుడు అక్కడికి, సింగపూరులో అడవి కొట్టవలసియున్నపుడు అక్కడికి, మోల్మేనులో బాట వేయవలసియున్నపుడు అక్కడికి ఖైదీల ఓడలు నడచినవి. మద్రాసు రేవునుండి పోయిన ఓడలును వానిలో నున్నవి. సింగపూరులోని సెయింట్ ఆండ్రూస్ దేవాలయము, నేడు ఆ దేశాధ్యక్షుని నిలయమైన భవనము భారతీయ ఖైదీల శ్రమతో లేచినవే. ద్వీపాంతరవాసమను పెద్దమాట వెనుక పలుగును, పారయును ఉన్నవని ఆమె చూపినది.

రెండవ సత్యము జాతికి సంబంధించినది. అదే కాలమున భారతదేశమున నేరము చేసిన ఐరోపీయుని పినాంగుకు గాని అండమానుకు గాని పంపెడివారు కారు. తొలుత ఆస్ట్రేలియాకు పంపిరి. తరువాత తెల్లవారికై వేరు శిక్ష కల్పించిరి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 56వ సెక్షను దీనినే చెప్పుచుండెను: ద్వీపాంతరవాస శిక్షకు తగిన నేరము చేసినవాడు ఐరోపీయుడో అమెరికనుడో అయినచో అతనికి దానికి మారుగా వేరొక కారాగార శిక్ష విధింపవలెను. నల్లవారితో కలిసి సంకెళ్లతో తెల్లవాడు పని చేయుట చూచినచో పాలకుల ప్రతిష్ఠ తగ్గునని భయము. చట్టముయెదుట ఎల్లరును సమానులని చెప్పిన స్మృతిలోనే ఈ సెక్షను ఉండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో జాతిభేదములను తొలగించు చట్టము ద్వారా అది రద్దయినది. ద్వీపాంతరవాసమను మాటయే మన శిక్షాస్మృతినుండి 1956 జనవరి 1వ తేదీ మొదలుకొని తొలగి, యావజ్జీవ కారాగారమను మాట వచ్చినది.

ఆమె రెండవ గ్రంథము 2004లో వెలువడినది. ఇందు విషయము దేహము. ప్రభుత్వము మనుష్యుని దేహమును ఒక దస్త్రముగా చదువుట ఎట్లు నేర్చుకొనెనో ఈ గ్రంథము తెలుపును. మొదట నుదుటి పచ్చబొట్టు. అది పోయిన పిదప మెడలో కొయ్యబిళ్ల, దానిపై అంకె, శిక్ష తేదీ. తరువాత ఛాయాచిత్రము. ఆ పిదప కపాలపు కొలత, ముక్కు కొలత. బంగాళమున రిస్లే, మద్రాసు మ్యూజియమునందు థర్‌స్టన్ కులములవారీగా జనుల ముక్కులను, తలలను కొలిచిన కాలమది. చివరకు వ్రేలిముద్ర. 1858లో హుగ్లీ ప్రాంతమున హెర్షెల్ ఒక గుత్తదారునిచేత చేతిముద్ర వేయించుటతో ఆరంభమై, 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము నెలకొనుటతో ఆ పద్ధతి స్థిరపడెను. ఆ ముద్రల వర్గీకరణకు హెన్రీ యను అధికారి పేరు వచ్చినది. దాని వెనుక లెక్క కట్టిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు కచేరీ ఉద్యోగులు. వారి పేర్లు చాలకాలము వెనుకనే ఉండిపోయినవి. కచేరీ పని తెలిసినవారికి ఇది క్రొత్త కథ కాదు.

ఈ గ్రంథమున విశేష మేమనగా, ప్రభుత్వము చేసిన ఏర్పాట్లనే గాక వానికి జనులు చెప్పిన సమాధానమును గూడ ఆమె వెదకినది. నుదుట గోద్నా పొడిపించుకొన్నవాడు తలపాగాను కనుబొమలదాక దించి కట్టుకొనెడివాడు. దస్త్రములో తలపాగా ఊసు ఉండదు. పారిపోయిన ఖైదీని గూర్చి అధికారి విసుగుతో వ్రాసిన ఉత్తరమున నుండును. అట్టి విసుగులలో ఆమె మనుష్యుని వెదకినది. అధికారి విసిగిన చోటనే ఖైదీ బుద్ధి పనిచేసెనని ఆమెకు తెలియును.

1857 సంవత్సరమును గూర్చి ఎన్నో గ్రంథములున్నవి. సిపాయిలను గూర్చి, రాజులను గూర్చి, రాణులను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. 2007లో ఆండర్సన్ వెలువరించిన గ్రంథము ఆ తిరుగుబాటును జైలు గోడల వైపునుండి చూచినది. ఉత్తర హిందూస్థానమున తిరుగుబాటుదారులు ఊరూర జైళ్లను బ్రద్దలుకొట్టి వేలకొలది ఖైదీలను విడిచిపెట్టిరి. జైలుపైననే ఎందులకింత కసి? దీనికి ఆమె వెనుకటి దశాబ్దములలో సమాధానము వెదకినది. 1840 దశకమున బీహారు జైళ్లలో ఖైదీలందరకు ఒకే వంట పెట్టుమని ఆజ్ఞ వచ్చినది. అంతవరకు ఎవరి వంట వారు వండుకొనెడివారు. కులము చెరుపుటకే ఈ యేర్పాటని ఖైదీలే గాక ఊరివారును లేచిరి. 1855లో ఇత్తడి చెంబులు తీసికొని మట్టిపాత్ర లిచ్చినపుడు ఆరా, ముజఫర్‌పూరులలో అలజడి రేగినది. చెంబుకొరకు అల్లరి యని నవ్వుకొన్నవారుండిరి. చెంబు పోయినచో ఇల్లు చేరిన పిదప తనను పంక్తిలో కూర్చుండనిత్తురా యను భయము ఖైదీది. రెండేండ్లకు జైలు తలుపులు విరిగినవి.

ఆ తిరుగుబాటు ఫలితముగనే 1858 మార్చిలో డాక్టరు వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్ దీవులలో దిగెను. నాటినుండి 1945లో ఆ శిక్షాస్థావరము రద్దగు వరకు సుమారు 80,000 మంది భారత, బర్మా దేశములనుండి అచటికి పంపబడిరి. సెల్యులర్ జైలు కట్టుట 1896లో ఆరంభమై 1906లో ముగిసినది. ఏడు వరుసలు, 693 కొట్లు. మనకు అండమాన్ అనగా ఆ జైలును, అందున్న దేశభక్తులును మాత్రమే తోచుట సహజము. మన్యపు పోరాటమున అల్లూరి సీతారామరాజుతో నడచిన గాము మల్లుదొర సైతము యావజ్జీవ ద్వీపాంతర శిక్షతో అండమాన్ చూచినవాడే. విడుదలై వచ్చి 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. అట్టి త్యాగధనులను స్మరించుట ధర్మము. అయితే ఆ 80,000 మందిలో రాజకీయ ఖైదీలు కొద్దిమంది మాత్రమే. సెల్యులర్ జైలు కట్టుటకు ఇటుకలు మోసినవారు సాధారణ ఖైదీలు. వారికి స్మారక స్తంభములు లేవు. ఆండర్సన్ పెక్కు పుటలు వారికే యిచ్చినది.

వారిలో స్త్రీలు మరింత తక్కువ. తక్కువ మంది యగుటచే దస్త్రములలోను తక్కువగనే కనబడుదురు. వారిలో పెక్కుమంది భర్తనో, శిశువునో చంపిరను నేరముపై వచ్చినవారు. ఈ ఒక్క మాట వెనుక ఎన్ని యిండ్ల చరిత్రలున్నవో ఊహించుట కష్టము కాదు. 1881లో సూరతులో విజయలక్ష్మి యను యువ వితంతువుకు శిశుహత్య నేరముపై ఉరిశిక్ష పడినది. అప్పీలులో అది ద్వీపాంతరవాసముగా మారి, తుదకు ఐదేండ్ల కారాగారముగా తగ్గినది. ఆ వ్యవహారమున పత్రికలు వితంతువుల నీతిని గూర్చి చేసిన ప్రసంగములకు మండిపడి తారాబాయి షిండే యను మహారాష్ట్ర స్త్రీ 1882లో 'స్త్రీ పురుష తులన' యను గ్రంథము ప్రకటించినది. అదే 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు గారు తొలి వితంతు వివాహము జరిపించిరి. ఒకే సంవత్సరమున ఒకచోట న్యాయస్థానపు బోను, ఇంకొకచోట పెండ్లిపీట. వితంతువుకు పెండ్లిపీట లేనిచోట ఆమె పుట్టనిచ్చిన బిడ్డ నేరమునకు సాక్ష్యమగును. ఆ నేరమున పాలుపంచుకొన్న పురుషుని పేరు మాత్రము ముద్దాయిల పట్టికలో ఉండదు.

అండమాన్ చేరిన స్త్రీ ఖైదీల స్థితిని చదువునప్పుడు మొదటి సత్యము మరల కనబడును. పురుషుని పంపినది పనికొరకు. స్త్రీని పంపినది, తెలియకయే, కాపురముకొరకు. వేలకొలది పురుషులున్నచోట వారిని కుదురుగా నిలుపుటకు సంసారములు కావలెనని అధికారులు తలచిరి. సౌత్ పాయింటులో స్త్రీల జైలుండెను. కొన్ని యేండ్లు సత్ప్రవర్తనతో గడపిన స్త్రీ, స్వయముగా బ్రతుకుటకు అనుమతి పొందిన పురుష ఖైదీని అధికారి అంగీకారముతో పెండ్లాడవచ్చును. ఆ పెండ్లితో ఆమె జైలు గోడ దాటి గుడిసె గడప చేరును. ఒక భర్తను చంపెనన్న నేరమునకు శిక్షగా వచ్చినామెకు విముక్తి మార్గము మరియొక భర్త. ఇది వింతయా, దయయా, మరియొక నిర్బంధమా? స్త్రీ ఖైదీలను గూర్చి వ్రాసినపుడు ఆండర్సన్ వారి మౌనమునే ముఖ్యవిషయముగా తీసికొన్నది. వారి మాట దస్త్రములో దొరకినచోట అది ఇంకొకరు అడిగిన ప్రశ్నకు సమాధానముగా, ఇంకొకరి భాషలోనికి మారి, ఇంకొకరి కలమున వ్రాయబడియున్నది. దొరకని మాటను తాను కల్పింపకపోవుట ఆమె పాటించిన నియమము.

ఆ పెండ్లిండ్ల వలన మరియొక ఫలితము కలిగినది. ఒకరు పంజాబీ, ఒకరు బంగాళీ, ఒకరు మద్రాసీ. ఒక కులమువాడు, ఇంకొక కులముది. వారి బిడ్డలు హిందూస్థానీ మాటలాడుచు అచటనే పుట్టినవారను పేరుతో ఒక క్రొత్త సమాజమైరి. ఏ జైలులో వంట కలిసినచో తిరుగుబాటు రేగెనో, ఆ జైళ్లనుండి వచ్చినవారి మనుమల యిండ్లలో కులము పట్టు సడలినది. ఇది పాలకులు ఉద్దేశించిన సంస్కరణ కాదు. ఆ మనుష్యులు తమకు తాము చేసికొన్న బ్రతుకుదెరువు.

దీవులకు అసలు యజమానులైన అండమాన్ జాతులను ఆమె మరువలేదు. ఖైదీల స్థావరము వారి అడవులను నరికి నిలచినది. 1858లో దూధ్‌నాథ్ తెవారి యను ఖైదీ పారిపోయి, ఆ జాతివారి బాణపు దెబ్బలు తిని, వారి దయచే బ్రతికి, ఏడాది వారిలో నొకడై తిరిగెను. 1859లో వారు స్థావరముపై దండెత్త నున్నారని తెలిసి పారివచ్చి అధికారులకు చెప్పెను. దానినే అబర్డీన్ యుద్ధమందురు. తెవారికి క్షమాభిక్ష లభించినది. అతనితో కాపురము చేసిన అండమాన్ స్త్రీ గర్భవతిగా అడవిలోనే మిగిలినది. శిక్షకు గురియైనవాడే మరియొకరికి శిక్షయగుట ఇందు చూడవచ్చును. పీడితుడని పేరు వేసి ఎవరినైన దేవుని చేయుట సులభము. ఆండర్సన్ ఆ సులభమార్గమున పోలేదు.

2012లో వచ్చిన ఆమె గ్రంథము ఆరేడుగురి జీవితములను మాత్రమే తీసికొని హిందూ మహాసముద్రపు చరిత్ర చెప్పును. అందులో నొకడు అలహాబాదు తిరుగుబాటు నాయకుడు మౌల్వీ లియాఖత్ అలీ. ఏండ్ల తరబడి మారుపేర్లతో తిరిగి, పట్టుబడి, 1872లో అండమానుకు పంపబడి అచటనే మరణించెను. ఆయనతో జతగా ఆమె చెప్పినది అమీలియా కథ. కాన్పూరు మారణకాండనుండి బయటపడిన యువతి. లియాఖత్ అలీ విచారణలో ఆమె సాక్షిగా నిలచి, ఆపత్కాలమున తనకు ఆయన రక్షణ లభించెనని చెప్పినది. ఆంగ్లపత్రికలు అట్టి స్త్రీలను తెల్లజాతి గౌరవమునకు ప్రతిమలుగా చేసి పగకు పురికొల్పిన కాలమది. ఆ ప్రతిమ నోరు విప్పి పాలకులు కోరని మాట చెప్పినది. జాతి, లింగము, శిక్ష యను మూడును ఒకే సాక్ష్యములో ముడివడిన ఘట్టమిది.

ఇంత చేసిన పిదప ఆమె చూపు ప్రపంచమంతటను ప్రసరించినది. 2013 మొదలు ఐదేండ్లు ఐరోపా పరిశోధన మండలి ధనసాహాయ్యముతో ఆమె నాయకత్వమున పెక్కుమంది పండితులు శిక్షాద్వీపముల చరిత్రను పరిశోధించిరి. 1415లో పోర్చుగీసువారు సియూటాకు ఖైదీలను తీసికొనిపోయిన నాటినుండి, 1788–1868 నడుమ ఆస్ట్రేలియాకు పోయిన లక్షా అరువది వేలమంది ఖైదీలు, ఫ్రెంచివారి గయానా, రష్యావారి సఖలీన్, జపానువారి హొక్కైడో వరకు ఒకే పటమున చేరినవి. 2016లో మధుమిత మజుందార్, విశ్వజిత్ పాండ్యలతో కలిసి అండమాన్ దీవులపై ఒక గ్రంథమును, 2022లో ఖైదీల ప్రపంచ చరిత్రను ఆమె ప్రకటించినది.

ఈ కృషి ఒంటరిగా సాగలేదు. రాధికా సింఘా, సతద్రు సేన్, ఆనంద్ యాంగ్, అపర్ణా వైదిక్ మొదలగు పండితులు ఇదే క్షేత్రమున వేర్వేరు చాళ్లు దున్నిరి. తెలుగుదేశమునకు చేరువైన చాలు మీనా రాధాకృష్ణ గారిది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించినది. పుట్టుకనుబట్టియే నేరస్థుడని నమోదు చేయుట, వ్రేలిముద్రలు తీయుట, హాజరు పిలుచుట ఆరంభమైనవి. బాపట్లకు సమీపమున మద్రాసు ప్రభుత్వాధికారి స్టూవర్టు పేరున వెలసిన స్టూవర్టుపురములో యెరుకల కుటుంబముల నుంచి సాల్వేషన్ ఆర్మీ వారికి పెత్తన మిచ్చిరి. 2001లో ప్రకటించిన గ్రంథమున మీనా రాధాకృష్ణ ఆ కథను వివరించిరి. ఉప్పు, ధాన్యము మోసి అమ్ముకొని బ్రతికిన వర్తకమును రైలుమార్గములును, ఉప్పు చట్టములును దెబ్బతీసిన పిదప, తిరుగుబోతు జీవనమే నేరమైనది. 1952లో చట్టము దేశమంతటను రద్దయినను ఆ ఊరిపేరు చెప్పగనే ముఖము చిట్లించుట ఎన్నో యేండ్లు పోలేదు. గోద్నా సూది లేకయే నుదుట వ్రాసిన వ్రాత యిది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. హంతకులు, దోపిడిగాండ్రు, వారి చరిత్ర వ్రాయుటెందుకు? చంపబడినవారికి చరిత్ర వలదా? ఈ ప్రశ్న న్యాయమైనది. ఆండర్సన్ గ్రంథములు ఎవరినిగాని నిర్దోషిగా విడిచిపెట్టుటకు వ్రాసినవి కావు. నేరము చేసినవాడు నేరము చేసినవాడే. కాని శిక్షించునపుడు ప్రభుత్వము తన్ను తాను దాచుకొనలేదు. ఎవరి ప్రాణము ఎంత విలువ, ఎవరి గౌరవము కాపాడదగినది, ఎవరి శ్రమ ఉచితము అను ప్రశ్నలకు ప్రభుత్వపు అసలు సమాధానము ఉపన్యాసములలో ఉండదు. శిక్షల పట్టికలో నుండును. అందుకే ఆమె ఆ పట్టికలను చదివినది.

ఆ పట్టికలు ఎట్టివనగా: ఓడలో నెక్కించిన ప్రతి ఖైదీకి ఒక వరుస. పేరు, తండ్రి పేరు, కులము, ఊరు, నేరము, శిక్ష, ఎత్తు, దేహముపై గుర్తులు. ఈ మాటలు చదువునప్పుడు కేంద్రప్రభుత్వ ఉద్యోగికి ఎక్కడనో చూచినట్లుండును. సర్వీసు పుస్తకపు మొదటి పుటలో అతని పేరు, తండ్రి పేరు, ఖచ్చితముగా కొలిచిన ఎత్తు, గుర్తింపుకై దేహముపై మచ్చలు, వ్రేలిముద్రలు ఉన్నవి కదా. ఒకటి శిక్షకొరకు, ఇంకొకటి జీతముకొరకు, పింఛనుకొరకు. రెండును సమానములు కావు. కాని రెండింటికిని గడులు గీచిన చేయి ఒక్కటే. గడిలో పట్టినది నిలుచును, పట్టనిది పోవును.

పోయినదానికై ఆండర్సన్ ముప్పది యేండ్లుగా వెదకుచున్నది. ఆమెకు దొరకినదంతయు ఎవరో ఒక గుమాస్తా గడి దాటి వ్రాసిన ఒక్క వాక్యము, ఆర్జీ అంచున చేర్చిన ఒక్క మాట, పారవేయక దాచిన ఒక్క కాగితము. ఆ గుమాస్తాకు తాను చరిత్ర వ్రాయుచున్నానను ఊహ యుండదు. ఆర్జీదారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, తేదీ వేసి, కట్టలో కట్టియుండును. నూటయేబది యేండ్లకు ఆ కట్ట విప్పిన చేతికి ఒక మనుష్యుడు దొరకెను.

ఈ సభలో నున్నవారిలో పెక్కుమంది రేపు ప్రొద్దున కచేరీకి పోయి కట్టలు విప్పుదురు. ఎవరిదో కారుణ్య నియామకపు ఆర్జీ, ఎవరిదో వితంతు పింఛను, ఎవరిదో పేరు తప్పు దిద్దుమను విన్నపము బల్లమీదికి వచ్చును. బ్రహ్మ వ్రాసిన వ్రాతను మార్చుట ఎవరి తరము కాదు. ఈ బల్లమీది వ్రాత మాత్రము మన చేతులలోనిదే. అది ఒకరి నుదుటిదాక పోవునని తెలిసి వ్రాయుట మేలు.

స్వస్తి.